ఆట ఒకరిది... మార్పు ఇంకొకరిది... హక్కు ఎవరిది?

ఎవరో తయారుచేసిన వీడియో గేమ్‌కి అభిమానులు తమ తెలివితో కొత్త రూపు తెస్తారు. దాన్నే 'మాడ్' అంటారు. పైసా ఆశించకుండా సరదాకి మొదలయ్యే ఈ పని ఒక్కోసారి కోట్ల డాలర్ల వ్యాపారమై కూర్చుంటుంది. పేచీ అక్కడే. లాభం గేమ్ కంపెనీదా... రాత్రింబవళ్లు కూర్చుని మార్చినవాడిదా?

పబ్‌జీ పేరు వినని ఇల్లు మన ఊళ్లలో అరుదు. 'అన్నానికి రారా' అని అమ్మ వంటింట్లోంచి కేకేస్తే 'ఒక్క నిమిషం... జోన్ దగ్గరికొచ్చేసింది' అంటూ పిల్లాడు ఫోన్లోంచి తలెత్తకుండా జవాబివ్వడం 2018, 19 సంవత్సరాల్లో ఇంటింటి భాగోతమే. 2020 సెప్టెంబరులో కేంద్రం దాన్ని నిషేధించింది. మరుసటేడు అదే ఆట 'బీజీఎంఐ' అని పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది. ఇదంతా తెలిసిన కథే. చాలామందికి తెలియంది దాని పుట్టుక.

చెక్ దేశానికి చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ అనే కంపెనీ 2009లో 'ఆర్మా 2' అని ఓ యుద్ధం గేమ్ విడుదల చేసింది. సైనికులు, ట్యాంకులు, వ్యూహాలు... కాస్త గంభీరమైన వ్యవహారం. 2012లో న్యూజిలాండ్‌కి చెందిన డీన్ హాల్ దాన్ని జాంబీలు తిరిగే లోకంగా మార్చి 'డేజెడ్' అన్నాడు. తిండీ నీళ్లూ వెతుక్కుంటూ ప్రాణం నిలబెట్టుకోవడమే ఆట. అప్పట్లో బ్రెజిల్‌లో ఉంటున్న బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ వాసికి అదీ పూర్తిగా నచ్చలేదు. 'బ్యాటిల్ రాయల్' అన్న జపాన్ సినిమా గుర్తొచ్చి, అందరినీ ఒకచోట వదిలేసి చివరికి ఒక్కడే మిగిలేలా ఆటని తిరగరాశాడు. ఇంటర్నెట్లో అతని మారుపేరు 'ప్లేయర్ అన్‌నోన్'. ఆ మాడ్ చూసిన కొరియా కంపెనీ బ్లూహోల్ 2016లో అతణ్ని పిలిచి కొత్త గేమ్ చెయ్యమంది. 2017లో వచ్చిన ఆ గేమ్ పేరులో మొదటి రెండు అక్షరాలూ అతని మారుపేరువే!

అంటే పబ్‌జీ ఓ మాడ్‌కి పుట్టిన మాడ్‌కి వారసుడు. ఈ వరసలో ఎవరూ ఎవరినీ కోర్టుకి లాగలేదు. బొహీమియా మాడ్‌లు చెయ్యమని తనే ప్రోత్సహించే కంపెనీ. డేజెడ్‌ని తానే సొంత గేమ్‌గా తయారుచేయించింది. గ్రీన్ కూడా పక్కవాడి గేమ్‌ని అమ్ముకోకుండా, కొత్త గేమ్‌ని మొదటినుంచీ కట్టించాడు. అందరి కథా ఇలా సుఖాంతం కాలేదు.

అద్దె ఇంటి మీద అంతస్తు

మాడ్ అంటే మాడిఫికేషన్‌కి పొట్టిపేరు. హీరో చొక్కా రంగు మార్చడం దగ్గర్నుంచి కొత్త ఊళ్లు, కొత్త ఆయుధాలు, కొత్త కథ... ఒక్కోసారి అసలు గేమ్ ఏదో గుర్తుపట్టలేనంతగా మార్చెయ్యడం వరకూ అన్నీ మాడ్‌లే. చేసేవాళ్లని మాడర్లంటారు. ఎక్కువమంది విద్యార్థులు, చిన్న ఉద్యోగులు. పగలు కాలేజీ, రాత్రి మాడ్.

చిక్కేమిటంటే మాడ్ ఒంటరిగా నిలబడదు. ఎవరో కట్టిన ఇంట్లో అద్దెకుంటూ సొంత డబ్బుతో పై అంతస్తు వేసినట్టు! ఇటుక, సిమెంటు, చాకిరీ అంతా అద్దెవాడివే. పునాది మాత్రం ఇంటాయనది. రేపు ఆ అంతస్తుకి గిరాకీ పెరిగితే అద్దె ఎవరికి చెందాలి? మన సినిమావాళ్లకి ఈ గొడవ కొత్తకాదు. పక్క భాషలో హిట్టయిన సినిమాని రీమేక్ చెయ్యాలంటే హక్కులు కొనాల్సిందే. ఎన్ని కొత్త సీన్లు కలిపినా, కామెడీ ట్రాకు మొత్తం మార్చినా మూలకథ హక్కుదారుకి దణ్నం పెట్టక తప్పదు. అమెరికా చట్టం మాడ్‌నీ ఇంచుమించు అలాగే చూస్తుంది. ఒక కృతి మీద ఆధారపడి ఇంకో కృతి తయారుచేసే హక్కు మొదటిదాని యజమానిదే.

మరి కంపెనీలు ఎందుకు ఊరుకుంటున్నాయి? లాభం ఉంది కాబట్టి! మాడ్ ఆడాలంటే ముందు అసలు గేమ్ కొనాలి. 1993లో 'డూమ్' చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఈ కిటుకు అందరికన్నా ముందు పట్టుకుంది. ఆ సంస్థ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ బొమ్మలూ శబ్దాలూ పటాలూ ప్రోగ్రాములో కలిపెయ్యకుండా వేరే ఫైళ్లలో పెట్టాడు, ఎవరైనా మార్చుకోవడానికి వీలుగా. 1999లో ఇద్దరు కుర్రాళ్లు 'హాఫ్ లైఫ్' గేమ్ మీద 'కౌంటర్ స్ట్రైక్' అనే మాడ్ కట్టారు. మిన్ లే, జెస్ క్లిఫ్ వాళ్ల పేర్లు. హాఫ్ లైఫ్ యజమాని వాల్వ్ కంపెనీ నోటీసు పంపలేదు. మాడ్‌ని కొనేసి, ఇద్దరికీ ఉద్యోగాలిచ్చింది. హైదరాబాదు అమీర్‌పేట నుంచి విశాఖ దాకా ఒకప్పటి ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి కుర్రాళ్లు ఆడిన ఆట అదే.

పాక్‌మ్యాన్‌కి జోడీ కుదిరిందిలా...

ఈ తగువు ఇంటర్నెట్ కన్నా పాతది. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల కాలంలోనే మొదలైంది. 1981లో అమెరికాలో ఎంఐటీలో చదువుతున్న డగ్ మక్రే, కెవిన్ కరన్ కాలేజీలో కొన్ని యంత్రాలు పెట్టి సంపాదించుకుంటున్నారు. రానురానూ కుర్రాళ్లు 'మిసైల్ కమాండ్' ఆటలో ఆరితేరిపోయారు. ఒక్క నాణేనికి గంటలకొద్దీ ఆడుతుంటే గల్లాపెట్టె నిండేదెలా? ఇద్దరూ కలిసి ఆటని కష్టతరం చేసే ఓ అదనపు సర్క్యూట్ బోర్డు తయారుచేశారు. పాత యంత్రంలో తగిలిస్తే చాలు, కొత్త ఆట. ప్రకటన ఇచ్చి అమ్మకం మొదలుపెట్టారు.

మిసైల్ కమాండ్ యజమాని అటారీకి ఒళ్లు మండింది. కోటిన్నర డాలర్లకి దావా వేసింది. కుర్రాళ్లు బెదరలేదు. బోర్డు తగిలించాలంటే ముందు అటారీ యంత్రం కొనాల్సిందేగా, మీకొచ్చిన నష్టమేంటని వాదించారు. ఓడితే వీళ్లని చూసి ఇంకో పదిమంది బయల్దేరతారని భయపడిందో ఏమో, అటారీ రాజీకొచ్చింది. వాళ్ల చేతనే తనకి గేమ్‌లు చేయించుకునే ఒప్పందం కుదుర్చుకుంది. బదులుగా వాళ్లిచ్చిన మాట: అసలు తయారీదారు ఒప్పుకోకుండా ఇకమీదట ఏ ఆటకీ బోర్డు అమ్మం.

అప్పటికే వాళ్ల బల్లమీద 'క్రేజీ ఓటో' అని పాక్‌మ్యాన్‌కి చేసిన మార్పు సిద్ధంగా ఉంది. పాక్‌మ్యాన్‌ని అమెరికాలో అమ్ముతున్న మిడ్‌వే దగ్గరికి నేరుగా వెళ్లి చూపించారు. మిడ్‌వేకి తెగ నచ్చింది. 1982లో అదే 'మిస్ పాక్‌మ్యాన్'గా విడుదలైంది. తలకి రిబ్బను, పెదాలకి లిప్‌స్టిక్. లక్షకి పైగా యంత్రాలు అమ్ముడై, అమెరికా ఆర్కేడ్ చరిత్రలోనే పెద్ద హిట్లలో ఒకటైంది. అనుమతి లేకుండా మొదలైన మార్పే అది!

అదే మిడ్‌వే తన 'గెలాక్సియన్' ఆటని వేగంగా పరిగెత్తించే బోర్డులు అమ్మిన ఆర్టిక్ అనే కంపెనీని మాత్రం వదల్లేదు. 1983లో అప్పీళ్ల కోర్టు మిడ్‌వే పక్షానే తీర్పిచ్చింది. వేగం పెంచిన ఆట కూడా అసలు ఆటకి పుట్టిన కృతేనంది. మిడ్‌వే తలుపు తట్టి అడిగినవాళ్లు భాగస్వాములయ్యారు, అడగనివాళ్లు ముద్దాయిలయ్యారు.

బొమ్మల్లేని పటం కూడా నేరమే!

మాడ్‌ల విషయంలో లాయర్లు నేటికీ ఉదహరించే తీర్పు 1998లో వచ్చింది. 'డ్యూక్ నుకెమ్ 3డీ' అప్పట్లో ఊపేసిన గేమ్. దాంతోపాటే కొత్త లెవెల్స్ తయారుచేసుకునే పరికరం కూడా ఇచ్చారు. చేసుకోండి, ఉచితంగా పంచుకోండి అన్నారు. అభిమానులు వందలకొద్దీ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. మైక్రో స్టార్ అనే కంపెనీ వాటిలో 300 దించుకుని, ఒక సీడీలో పోసి, 'న్యూక్ ఇట్' అని పేరు పెట్టి అమ్మకానికి పెట్టేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అల్లుడు దానం కూడా చెయ్యలేదు, అమ్ముకున్నాడు.

మైక్రో స్టార్ వాదన తెలివైనదే. ఈ లెవెల్ ఫైళ్లలో డ్యూక్ బొమ్మ ఒక్కటీ లేదు. ఎక్కడ గోడ ఉండాలి, ఎక్కడ రాక్షసుడు నిలబడాలి అన్న సూచనల జాబితా తప్ప ఏమీ లేదు. బొమ్మలన్నీ కొనుక్కున్నవాడి దగ్గరున్న అసలు గేమ్‌లోంచే వస్తాయి. లేని బొమ్మని మేం కాపీ కొట్టిందెక్కడ?

అప్పీళ్ల కోర్టు జడ్జి అలెక్స్ కొజిన్‌స్కీ ఒప్పుకోలేదు. ఆ సూచనల ప్రకారం తెరమీద కనిపించేది డ్యూక్ కొత్త సాహసాలే. అంటే ఇవి అసలు కథకి తర్వాతి భాగాలు. తర్వాతి భాగం రాసే హక్కు రచయితది. ఉచితంగా పంచుకోమన్నారే తప్ప అమ్ముకోమనలేదు కదా అన్నాడు. విచిత్రమేమిటంటే, ఆ 300 లెవెల్స్ చేసిన అభిమానుల ఊసు ఈ వివాదంలో ఎక్కడో అడుగున పడిపోయింది. పోట్లాడుకున్నవి రెండు కంపెనీలు. రాత్రులు మేలుకొని గోడలు కట్టినవాళ్లకి తీర్పు ఎటొచ్చినా దక్కేది సున్నా.

అంతకు ఆరేళ్ల ముందు అదే అప్పీళ్ల కోర్టు 'గేమ్ జీనీ' అనే పరికరం కేసులో నింటెండోని ఓడించింది. ఇంట్లో ఆడేటప్పుడు ప్రాణాల సంఖ్య తాత్కాలికంగా పెంచుకుంటే అది కొత్త కృతి కాదంది. స్విచ్ ఆపగానే మాయమయ్యే మార్పు వేరు, ఫైలుగా దాచి పదిమందికీ పంచే మార్పు వేరు. ఈ రెంటి మధ్యా ఉన్న గీతమీదే మాడర్లందరూ నడుస్తున్నారు. 2024 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం కూడా సోనీ, డేటెల్ కేసులో ఇంచుమించు ఇదే దారి పట్టింది. ప్రోగ్రాము కోడ్‌ని ముట్టుకోకుండా, ఆట నడుస్తున్నప్పుడు మెమరీలోని అంకెలు మాత్రం మారిస్తే కాపీరైటు ఉల్లంఘన కాదంది.

డోటా: తండ్రులెక్కువైన బిడ్డ

ఇక అసలు మహాభారతానికి వద్దాం. 2002లో బ్లిజర్డ్ కంపెనీ 'వార్‌క్రాఫ్ట్ 3' విడుదల చేసింది. డబ్బాలోనే 'వరల్డ్ ఎడిటర్' పెట్టి, మీ పటాలు మీరే గీసుకోండి అంది. 'యూల్' అనే మారుపేరుతో ఒకతను ఓ పటం గీశాడు. రెండు జట్లు, మూడు దారులు, అవతలివాడి కోటలో ఉన్న మూలస్తంభాన్ని పడగొట్టినవాడు విజేత. పేరు 'డిఫెన్స్ ఆఫ్ ది ఏన్షియంట్స్'. నలుగురి నోళ్లలో నలిగి 'డోటా' అయింది. ఆ మూడు దారుల ఆలోచన కూడా పూర్తిగా అతనిది కాదు. అంతకుముందు 'స్టార్‌క్రాఫ్ట్'లో ఎవరో చేసిన 'ఏయాన్ ఆఫ్ స్ట్రైఫ్' అనే పటం దీనికి ప్రేరణ.

2003లో గేమ్‌కి కొత్త విస్తరణ వచ్చాక యూల్ పక్కకి తప్పుకున్నాడు. తలో చెయ్యీ వేసి తలో డోటా చేశారు. వాటిలో మంచి హీరోలందరినీ ఏరి ఒకచోట చేర్చిందే 'డోటా ఆల్‌స్టార్స్'. 2004లో దాన్ని స్టీవ్ ఫీక్ అందుకున్నాడు. మారుపేరు 'గిన్సూ'. ఆటలో అందరూ భయపడే రోషన్ అనే రాక్షసుడికి ఆ పేరు ఎక్కడిదో తెలుసా? ఫీక్ బౌలింగ్ ఆడే బంతి పేరది! 2005లో అతను కూడా తప్పుకున్నాడు. పగ్గాలు 'ఐస్‌ఫ్రాగ్' చేతికొచ్చాయి. ఇతగాడు తన అసలు పేరు ఎన్నడూ బయటపెట్టలేదు. కోట్లమంది ఆడే ఆటకి కర్త ఎవరో ఆడేవాళ్లకి తెలియదు. స్వీడన్‌లో 2006లో డోటా మీద పాటే కట్టారు, అది పెద్ద హిట్టయింది. మన ఇంజినీరింగ్ హాస్టళ్లలోనూ లాన్ తీగలు లాక్కుని సెమిస్టరు పరీక్షల ముందురోజు కూడా డోటా ఆడిన తరం ఒకటుంది. వాళ్లిప్పుడు నలభైల్లో పడుతున్నారు.

ఇన్నాళ్లూ ఎవరికీ రూపాయి రాలేదు కాబట్టి తగువూ లేదు. గిన్సూ రయట్ అనే కొత్త కంపెనీలో చేరాడు. అక్కడ 2009లో 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' వచ్చింది, కాసుల వర్షం కురిపించింది. అదే ఏడాది ఐస్‌ఫ్రాగ్‌ని వాల్వ్ చేర్చుకుంది. 2010 ఆగస్టులో 'డోటా' పేరుని ట్రేడ్‌మార్కుగా నమోదు చెయ్యమని వాల్వ్ దరఖాస్తు పెట్టింది. పుట్టలో వేలు పెట్టినట్టయింది. అభిమానులందరిదీ అనుకున్న పేరు ఒక్కరి సొత్తెలా అవుతుందని రయట్ వైపు నుంచి పోటీ దరఖాస్తు పడింది. అసలు పటం మా గేమ్‌లో పుట్టింది, బొమ్మలు మావి, ఎడిటర్ మాది, మీరెవరంటూ 2011 నవంబరులో బ్లిజర్డ్ అభ్యంతరం దాఖలు చేసింది. ముగ్గురిలో ఎవరూ ఆ పటం గీసినవాళ్లు కాదన్నది గమనించాలి.

2012 మేలో రాజీ కుదిరింది. వ్యాపారానికి 'డోటా' పేరు వాల్వ్‌ది. బ్లిజర్డ్ తను చేస్తున్న గేమ్ పేరు మార్చుకోవాలి. వార్‌క్రాఫ్ట్ పటాల్లో అభిమానులు డబ్బు తీసుకోకుండా ఆ పేరు వాడుకోవచ్చు. వాల్వ్ తెచ్చిన 'డోటా 2' తర్వాత ఎక్కడికెళ్లిందో చెప్పాలంటే ఒక్క అంకె చాలు: 2021లో బుఖారెస్టులో జరిగిన దాని ప్రపంచ పోటీలో పంచిన బహుమతి సొమ్ము 4 కోట్ల డాలర్లు. 2022 కామన్వెల్త్ ఈస్పోర్ట్స్ పోటీల్లో భారత జట్టుకి కాంస్యం వచ్చింది కూడా డోటా 2లోనే.

కథ కంచికి చేరలేదు. 2015లో బ్లిజర్డ్, వాల్వ్ పాత పగ మరిచి ఒక్కటయ్యాయి. తమ హీరోల్ని పోలిన బొమ్మలతో ఫోన్ గేమ్‌లు చేశారంటూ లిలిత్, యూకూల్ అనే కంపెనీల మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. అప్పుడు యూకూల్ లాయర్లు తవ్వితీసిన అస్త్రం చూడండి... 2004లో యూల్ రాసిన ఓ చిన్న ప్రకటన! ఇకనుంచి డోటా ఓపెన్ సోర్స్, ఎవరైనా నన్ను అడక్కుండా తమ రూపం చేసుకోవచ్చు అన్నది దాని సారాంశం. హక్కులు అతనే వదిలేసుకున్నాడు, వాల్వ్ అతని దగ్గర కొన్నదేంటి మరి? పైగా ఇంతమంది కలిసి చేసినదానికి ఒక్కడు కర్త ఎలా అవుతాడు?

సరదాగా రాసిన రెండు ముక్కలు పదమూడేళ్ల తర్వాత జడ్జి ముందుకొచ్చాయి. 2017 మేలో జడ్జి చార్లెస్ బ్రేయర్ యూకూల్ వాదనని అప్పటికప్పుడు అంగీకరించడానికి నిరాకరించారు. ఎవరైనా మార్చుకోండి అన్నంత మాత్రాన, ఎవరైనా అమ్ముకోండి అన్నట్టేనా? వార్‌క్రాఫ్ట్ నిబంధనలే వ్యాపారానికి ఒప్పుకోనప్పుడు యూల్ మాట అర్థమేమిటి? సలహాలు ఎందరిచ్చినా ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నిర్ణయించింది ఎవరు? ఇవి జ్యూరీ తేల్చాల్సిన ప్రశ్నలన్నారు. డోటా హక్కుల మీద ఇంతకన్నా లోతుగా తవ్విన కోర్టు ఉత్తర్వు లేదు.

బ్లిజర్డ్ మాత్రం పాఠం నేర్చుకుంది, తన తరహాలో. 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3కి కొత్త మెరుగులు దిద్ది విడుదల చేసినప్పుడు నిబంధనల్లో ఒక మాట చేర్చింది. దాంట్లో ఎవరు ఏ ఆట చేసినా సర్వహక్కులూ బ్లిజర్డ్‌వే! పటాలు గీసేవాళ్లు భగ్గుమన్నారు. ఇంకో డోటా పుడితే ఈసారి చెయ్యి జారిపోకూడదన్న ఆరాటం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. అయితే సర్వం మాదే అన్నచోట ఎవరైనా మంచి ఆలోచన తెచ్చి ఎందుకు పెడతారన్నది కంపెనీ ఆలోచించినట్టు లేదు.

మాడ్‌కి పుట్టిన డోటా 2కి మళ్లీ మాడ్ పుట్టింది. చైనాకి చెందిన డ్రోడో అనే బృందం 2019 జనవరిలో 'డోటా ఆటో చెస్' చేసింది. వాల్వ్ వాళ్లని పిలిచి మాట్లాడింది. కలిసి పనిచెయ్యడం కుదర్లేదు. ఈసారి నోటీసుల్లేవు, దావాల్లేవు. డ్రోడో డోటా హీరోల బొమ్మలు తీసేసి, సొంత బొమ్మలతో 'ఆటో చెస్' తెచ్చింది. వాల్వ్ తన హీరోలతో 'అండర్‌లార్డ్స్' తెచ్చింది. రయట్ కూడా తన వంతు ఒకటి దించింది. ఇందులోనే ఉంది కాపీరైటు కీలకం. బొమ్మ, పేరు, కోడ్, కథ... వీటికే రక్షణ. ఆట ఆడే పద్ధతికి, ఆలోచనకి కాదు.

ఈ కీలకం పబ్‌జీవాళ్లకి తెలియక కాదు. అయినా 2018లో చైనా కంపెనీ నెట్‌ఈజ్ మీద అమెరికాలో దావా వేశారు. తమ ఆటని అనుకరించారంటూ చూపిన జాబితాలో పెనం కూడా ఉంది. తుపాకీ గుళ్లని పెనంతో అడ్డుకోవడం తమ సొంతమట! మరుసటేడు ఆ గొడవ రాజీతో ముగిసింది. మాడ్‌లోంచి పుట్టినవాళ్లే కాపీరైటు జెండా పట్టుకోవడం ఈ రంగంలో వింతేమీ కాదు.

కొట్టిన చేత్తోనే కొనుగోలు

'జీటీఏ' ఆటలు చేసే రాక్‌స్టార్, దాని యజమాని టేక్-టూలది ఇంకో రకం ధోరణి. 2005లో 'శాన్ ఆండ్రియాస్' గేమ్‌లో కంపెనీ దాచేసి మరిచిపోయిన అశ్లీల సన్నివేశాన్ని డచ్చి మాడర్ ఒకరు 'హాట్ కాఫీ' పేరుతో బయటపెట్టారు. పెద్ద దుమారం రేగి, ఆ గేమ్‌కి పెద్దలకు మాత్రమే అన్న ముద్ర పడింది. అప్పట్నుంచీ మాడర్లంటే ఆ కంపెనీకి ఓ కన్ను అనుమానంగానే ఉంది. 2015లో 'ఫైవ్ ఎం' అనే మాడ్ చేసినవాళ్ల ఖాతాలు నిలిపేసింది. 2017 జూన్‌లో 'ఓపెన్ ఫోర్' అనే పరికరం ఆపెయ్యమని టేక్-టూ నోటీసిచ్చింది. ఈసారి ఆటగాళ్లు ఊరుకోలేదు. జీటీఏ 5 అమ్మే చోట పేజీలకొద్దీ తిట్లు రాశారు. కొద్దిరోజుల్లోనే కంపెనీ దిగొచ్చింది. ఒంటరిగా ఆడుకునే, డబ్బుతో సంబంధంలేని మాడ్‌ల జోలికి మామూలుగా రామని ప్రకటించాల్సొచ్చింది.

2021లో పాత జీటీఏలని తళతళలాడించి మళ్లీ అమ్మడానికి సిద్ధమవుతూ, ఆ పాత ఆటల మాడ్‌లని వరసగా తీయించేసింది. పాత గేమ్‌ల కోడ్‌ని తిరగతోడి రాసిన అభిమానుల మీద అదే సెప్టెంబరులో దావా కూడా వేసింది. తీరా 2023 ఆగస్టులో ఏం జరిగింది? ఎనిమిదేళ్ల కిందట ఖాతాలు మూయించిన ఫైవ్ ఎం బృందాన్ని రాక్‌స్టారే కొనేసింది!

నింటెండో దగ్గర అంత మెత్తదనం ఉండదు. 2016లో అర్జెంటీనాకి చెందిన మిల్టన్ గ్వాస్తి ఏళ్ల తరబడి శ్రమించి పాత 'మెట్రాయిడ్ 2'ని కొత్తగా తీర్చిదిద్ది ఉచితంగా విడుదల చేస్తే వెంటనే తీయించేసింది. మరుసటేడు అదే ఆటకి తన సొంత రీమేక్ తెచ్చింది. గ్వాస్తికి మాత్రం ఆ పనే సిఫార్సు ఉత్తరమైంది. తర్వాత 'ఓరి' గేమ్ రెండో భాగానికి లెవెల్స్ రూపొందించే ఉద్యోగం దొరికింది.

మన చట్టం ఏమంటోంది?

మన 1957 కాపీరైటు చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాము కూడా ఓ రచనే, నవలలాగా. దాన్ని మార్చే హక్కు యజమానిదే. కానీ 52వ సెక్షన్‌లో చాలామంది గమనించని ఓ వెసులుబాటు ఉంది. సక్రమంగా కొనుక్కున్న ప్రోగ్రామునైతే సొంత వాడకానికి, వ్యాపారం కాని పనికి కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఇంట్లో కూర్చుని మీ గేమ్‌లో హీరోకి పంచె కట్టించుకుంటే చట్టానికి అభ్యంతరం ఉండక్కర్లేదు. అదే ఫైలుని నలుగురికీ పంచితే 'సొంత వాడకం' అన్న గొడుగు పోతుంది. అమ్మితే ఇక చెప్పనే అక్కర్లేదు. 63వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. పైగా గేమ్ ఎక్కించేటప్పుడు చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేస్తాం చూడండి, ఆ ఒప్పందం వేరే. మాడ్‌ల గురించి ఏ కంపెనీ ఏం రాసుకుందో అందులోనే ఉంటుంది.

మన దగ్గర మాడ్ అన్న మాట తెలియకుండానే లక్షలమంది వాడిన మాడ్ ఒకటుంది. 2006 చివర్లో ఈఏ స్పోర్ట్స్ 'క్రికెట్ 07' విడుదల చేసింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకి తప్ప చాలా జట్లకి లైసెన్సు లేకపోవడంతో మనవాళ్లు అసలు పేర్లతో కనిపించేవారు కాదు. అభిమానులు ముందు ఆ పేర్లు సరిచేశారు. తర్వాత ముఖాలు, బ్యాట్ల మీద స్టిక్కర్లు, స్టేడియాలు. 2008లో ఐపీఎల్ మొదలయ్యాక ఆ గేమ్‌లోకి డెక్కన్ ఛార్జర్స్ వచ్చింది, 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. ఈఏ ఆ తర్వాత కంప్యూటర్లకి ఇంకో క్రికెట్ గేమ్ తేలేదు. కాబట్టి ఆ పాత ఆటే ఈ 'ప్యాచ్'ల పుణ్యాన ఏటా కొత్త చొక్కా తొడుక్కుంటోంది.

చట్టం పుస్తకం తెరిచి లెక్కపెడితే ఒక్క ప్యాచ్‌లో ఎన్ని హక్కులో! గేమ్ ఈఏది. లీగ్ లోగో క్రికెట్ బోర్డుది. జట్టు గుర్తు ఫ్రాంచైజీది. జెర్సీ మీది ముద్రలు ప్రకటనదారులవి. ముఖం ఆటగాడిది. వీళ్లలో ఎవరు కన్నెర్ర చేసినా ప్యాచ్ చేసినవాడి దగ్గర చూపించడానికి ఒక్క కాగితమూ ఉండదు. ఉచితంగా పంచినంతకాలం ఎవరూ పట్టించుకోరన్న ధీమాతోనే బండి నడుస్తోంది. ఐపీఎల్ వేలంలో ఏ ఆటగాడు ఏ జట్టుకి పోయాడో తేలగానే వాళ్లకి పని మొదలవుతుంది... పాత జట్టులోంచి పేరు తీసి కొత్త జట్టులో రాయాలి, జెర్సీ రంగు మార్చాలి, మొదటి మ్యాచ్‌లోపు ఫైలు సిద్ధం చెయ్యాలి.